కోళ్ళ దాణా సరకులు: శాతం ఒక్కటే చూస్తే చాలదు

సోయా చెక్క 46 శాతం మాంసకృత్తుల లెక్కన బేరం కుదిరింది. కొన్న మిల్లువారు తమ లాబొరేటరీలో పరీక్షిస్తే సరిగ్గా 46 శాతమే వచ్చింది. తేమ, ఇసుక, పీచు అన్నీ ఒప్పందం ప్రకారమే ఉన్నాయి. అయినా లారీ దాణా మిల్లు గేటు వద్ద రెండు రోజులు నిలిచిపోయింది. "సరకు పచ్చిగా ఉన్నది, మాకు వద్దు" అన్నారు కొన్నవారు. "46 అని వ్రాసుకున్నాము, 46 ఇచ్చాము, ఇంకేమి కావాలి?" అన్నారు అమ్మినవారు. మధ్యనున్న బ్రోకరు తన దలాలీ మాట అటుంచి, లారీ నిలుపుదల చార్జీలు ఎవరి ఖాతాలో వ్రాయాలో తేలక ఈ విలేఖరి ఎదుటే తల పట్టుకున్నారు.

ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. లోపమల్లా ఒప్పందం కాగితంలోనే ఉన్నది. దాణా సరకుల వ్యాపారం ఏళ్ళ తరబడిగా మాంసకృత్తుల శాతం అనే ఒక్క అంకె చుట్టూ తిరుగుతున్నది. ఆ అంకె సరకులో ఎంత ఉన్నదో చెబుతుంది గాని, అందులో కోడికి ఒంటబట్టేది ఎంతో చెప్పదు. ఒంటబట్టడమన్నది గింజను మిల్లులో ఎంతసేపు వేడి చేశారు, నూనె ఏ పద్ధతిన తీశారు, ఎలా ఆరబెట్టారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. గుడ్డు ఉత్పత్తి ఖర్చులో సుమారు మూడింట రెండు వంతులు దాణాకే పోతుంది. అందుచేత అనపర్తి, తణుకు ప్రాంతాల లేయరు ఫారాలవారు, హైదరాబాదు చుట్టుపట్ల ఉన్న బ్రాయిలర్ కంపెనీలవారు ఈ తేడాను గట్టిగా పట్టించుకుంటున్నారు. అమ్మేవారు, మధ్యన బేరం కుదిర్చేవారు కూడా తెలుసుకోక తప్పదు.

అంకె వెనుక కథ

మనం మాంసకృత్తుల శాతం అంటున్నది నిజానికి మాంసకృత్తులను కొలిచిన అంకె కాదు. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక పద్ధతి కనిపెట్టారు. సరకును గాఢ గంధకికామ్లంలో ఉడికించి అందులోని నత్రజనిని కొలవడమే ఆ పద్ధతి. మాంసకృత్తులలో సగటున 16 శాతం నత్రజని ఉంటుందన్న లెక్కపై, వచ్చిన నత్రజనిని 6.25తో గుణిస్తారు. లాబొరేటరీ చీటీపై కనిపించే అంకె అదే. చాలాచోట్ల నేటికీ ఇదే పద్ధతి.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. నత్రజని ఎక్కడినుంచి వచ్చినా ఈ పద్ధతికి ఒకటే. పొలంలో చల్లే యూరియాలో 46 శాతం నత్రజని ఉన్నది. 6.25తో గుణిస్తే 287 శాతం 'మాంసకృత్తులు' అవుతాయి. 40 శాతం చెక్క 98 కిలోలకు యూరియా 2 కిలోలు కలిపితే చీటీ మీద దాదాపు 45 శాతం వస్తుంది. క్వింటాలుకు 2 కిలోల యూరియా ఖరీదు ఎంత, అయిదు శాతం మాంసకృత్తుల ఖరీదు ఎంత అన్నది వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమైన్ కలిపిన ఉదంతం వెనుక ఉన్నదీ ఈ లెక్కే. కోడికి యూరియా వల్ల చిల్లిగవ్వ లాభం లేదు. అది కల్తీ, ప్రాసెసింగ్ లోపం కాదు, కావున దాన్ని అంతటితో వదిలి అసలు విషయానికి వద్దాము. ఇక్కడ చెప్పవచ్చినది కల్తీ ఏమీ లేని, నిక్కమైన సరకు సంగతి.

సోయా: ఉడకకపోయినా నష్టం, మాడినా నష్టం

ప్రాసెసింగ్ ప్రభావం అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది సోయా చెక్కలో. ఆదిలాబాదు, నిజామాబాదు గింజ అయినా, ఇండోరు, లాతూరు గింజ అయినా మిల్లులో నడిచే దారి ఒకటే. గింజను పగలగొట్టి, పొట్టు తీసి, అటుకుల మాదిరిగా నొక్కి, హెక్సేన్ ద్రావకంతో నూనె లాగుతారు. మిగిలిన పిండిలోని హెక్సేన్‌ను ఆవిరితో తరిమివేయడానికి టోస్టర్ అనే పెద్ద పాత్రలోకి పంపుతారు. మిల్లుదారుకు టోస్టర్ ముఖ్యోద్దేశం హెక్సేన్ తిరిగి రాబట్టుకోవడం. కోడికి మాత్రం అదే వంట పొయ్యి. సుమారు 100-105 డిగ్రీల వేడిలో, తడి ఆవిరిలో ఆ పిండి ఉండే ఇరవై ముప్పయి నిమిషాలలోనే సరకు మంచిదా చెడ్డదా అన్నది తేలిపోతుంది.

పచ్చి సోయా గింజలో ట్రిప్సిన్ నిరోధకం అనే పదార్థం ఉన్నది. కోడి కడుపులో మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్ రసాన్ని అది కట్టివేస్తుంది. అరుగుదల మందగిస్తుంది. ఆ లోటు తీర్చడానికి క్లోమగ్రంథి మరింత రసం ఊరించబోయి వాచిపోతుంది. పిల్లలు ఎదగవు, రెట్ట పలచబడుతుంది, తిన్న దాణాకు తగ్గ బరువు రాదు. సోయాను ఉడికిస్తేనే ఎదుగుదల బాగుంటుందని 1917లోనే అమెరికన్ శాస్త్రజ్ఞులు ఆస్బర్న్, మెండెల్ ఎలుకలపై ప్రయోగించి చూపారు. ఉడికీ ఉడకని పప్పు తింటే కడుపు ఉబ్బరిస్తుందని మన ఇళ్ళలో పెద్దలు చెప్పేది కూడా ఇటువంటిదే.

నిరోధకాన్ని నేరుగా కొలవడం ఖర్చుతో, కాలంతో కూడిన పని. అందుకు బదులు యూరియేజ్ అనే ఎంజైమును కొలుస్తారు. యూరియేజ్ వల్ల కోడికి పెద్దగా హాని లేదు. కాని అది కూడా నిరోధకంతో పాటు ఇంచుమించు అదే వేడికి నశిస్తుంది. అది బతికి ఉంటే నిరోధకం కూడా బతికి ఉన్నదన్నమాట. యూరియా ద్రావణంలో చెక్క కలిపినప్పుడు పి.హెచ్. ఎంత పెరిగిందో చూస్తారు. 0.05 నుంచి 0.20 వరకు పెరిగితే సరకు బాగా ఉడికిందని సాధారణంగా పరిగణిస్తారు. గేటు వద్ద అంత కచ్చితంగా కొలవలేనివారు ఫినాల్ రెడ్ రంగు కలిపిన యూరియా నీటిని చెక్కపై పోసి చూస్తారు. అయిదు నిమిషాలలో అక్కడక్కడ ఎర్రని చుక్కలు పొడిస్తే ఫరవాలేదు. గిన్నె అంతా ఎరుపెక్కితే సరకు పచ్చిది. మొదట చెప్పిన లారీ కథలో జరిగింది ఇదే. ఇదే పరీక్షను తిరగవేస్తే యూరియా కల్తీ కూడా బయటపడుతుంది. అనుమానమున్న సరకు నీటిలో పచ్చి సోయా పిండి, ఫినాల్ రెడ్ వేస్తే యూరియా ఉన్నచోట ఎరుపు తేలుతుంది.

ఇంతవరకు చాలామంది బ్రోకర్లకు తెలుసు. "యూరియేజ్ సున్నా" అని చీటీలో ఉంటే సరకు దివ్యంగా ఉన్నదని అనుకోవడం కూడా పరిపాటి అయింది. ఇది పొరపాటు. యూరియేజ్ పరీక్ష ఒకవైపు మాత్రమే చూసే కన్ను. సరకు ఉడికిందని చెబుతుంది గాని మాడిందని చెప్పలేదు. సరిగ్గా ఉడికిన చెక్కలోనూ యూరియేజ్ దాదాపు సున్నాకు రావచ్చు, మాడి ఎర్రబడిన చెక్కలోనూ అది సున్నాయే.

మాడితే ఏమవుతుంది? దోసె పెనంపై ఎర్రబడటం అందరమూ చూసేదే. పిండిలోని చక్కెరలు, మాంసకృత్తులు వేడికి ఒకదానినొకటి పట్టుకోవడం వల్ల ఆ రంగు, ఆ కమ్మదనం వస్తాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్ పేరుతోనే ఈ చర్యను పిలుస్తున్నారు. దోసెకు ఇది మేలే గాని దాణాకు కీడు. చక్కెరలు పట్టుకునేది ముఖ్యంగా లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని. కోడి పెరగడానికి కావలసిన మాంసకృత్తుల ముక్కలలో లైసిన్ ముఖ్యమైనది. మొక్కజొన్నలో అది తక్కువ, కాబట్టి సోయా కొనేదే ప్రధానంగా దాని కోసం. చక్కెరకు చిక్కిన లైసిన్ కోడి కడుపులో విడివడదు, రెట్టలో పోతుంది. ఇంతా జరిగినా నత్రజని ఎక్కడికీ పోదు గనుక కెల్డాల్ చీటీలో 46 శాతం చెక్కుచెదరదు.

మాడిన సరకును పట్టుకోవడానికి 1990లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన అరాబా, డేల్ ఒక సులభమైన పరీక్షను ప్రచారంలోకి తెచ్చారు. చెక్కను 0.2 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కలిపి, అందులోని మాంసకృత్తులలో ఎంత భాగం కరిగిందో చూస్తారు. మన మార్కెట్లో దీన్నే కె.ఓ.హెచ్. సాల్యుబిలిటీ అంటున్నారు. 78 నుంచి 85 శాతం వరకు కరిగితే మంచి సరకు. 70కి దిగువకు వస్తే మాడినట్లే. 85 దాటి 90కి చేరితే ఉడక లేదని అనుమానించాలి. యూరియేజ్, కె.ఓ.హెచ్. రెండూ కలిపి చూస్తేనే బొమ్మాబొరుసూ తెలుస్తాయి.

లెక్క వేస్తే

బి.కాం. చదివిన ఈ విలేఖరికి రసాయన శాస్త్రం కన్నా లెక్క తేలిక. 10 టన్నుల సోయా చెక్క తీసుకుందాము. 46 శాతం సరకులో లైసిన్ సుమారు 2.85 శాతం, అనగా లారీలో 285 కిలోలు. సరిగ్గా ఉడికిన సరకులో ఇందులో 90 శాతం కోడికి ఒంటబడుతుందనుకుందాము. మాడిన సరకులో 75 శాతమే ఒంటబడుతుందనుకుందాము. తేడా సుమారు 43 కిలోల లైసిన్. ఆ లోటు పూడ్చడానికి దాణా మిల్లువారు బజారులో దొరికే లైసిన్ హైడ్రోక్లోరైడ్ పొడి వాడతారు. అందులో అసలు లైసిన్ 78 శాతం, కావున 55 కిలోలు కావాలి. పొడి కిలో 150 రూపాయలని లెక్క కోసం అనుకుంటే లారీకి 8,250 రూపాయలు, క్వింటాలుకు 82 రూపాయల 50 పైసలు. వర్తకులు ఆనాటి పొడి ధర వేసుకుని తమ లెక్క తాము తేల్చుకోవచ్చు.

ఇది కూడా తక్కువ అంచనాయే. మాడినప్పుడు ఒంటబట్టేది తగ్గడమే గాక, సరకులోని మొత్తం లైసిన్ కూడా కొంత నశిస్తుంది. మిగతా అమైనో ఆమ్లాలకు తగిలే దెబ్బను ఇందులో చేర్చనే లేదు. ఒక శాతం మాంసకృత్తులు తగ్గితే క్వింటాలుకు ఇంత అని పైసలతో సహా కోత కోసే మార్కెట్టు, ఇంత తేడాను కళ్ళు మూసుకుని వదిలివేస్తున్నది.

కరవు రోజులలో ఇది మరీ ఎక్కువ. 2021 జూలై, ఆగస్టు నెలలలో సోయా గింజ క్వింటాలు 10,000 రూపాయలు దాటినప్పుడు ఫారాలవారు వచ్చిన సరకును వచ్చినట్లు దించుకున్నారు. ధరలకు తట్టుకోలేక పౌల్ట్రీ పరిశ్రమ మొర పెట్టుకోగా, ఆ ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం జన్యుమార్పిడి సోయా చెక్క 12 లక్షల టన్నుల వరకు దిగుమతికి అనుమతించింది. ధర తారస్థాయిలో ఉన్నప్పుడు నాణ్యత మాట ఎత్తేవాడు ఉండడు. నాసి సరకు అమ్ముడుపోయేది అప్పుడే.

తవుడు: చీటీలో లాభం, సంచిలో నష్టం

సోయాకు వేడి రెండువైపులా పదునున్న కత్తి అయితే, తవుడుకు వేడి అందకపోవడమే ప్రమాదం. వడ్ల గింజపై పొర గీచిన క్షణం నుంచి తవుడులోని లైపేజ్ అనే ఎంజైము అందులోని నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. గంటలు గడిచేకొద్దీ ఆమ్లం పెరిగి, తవుడు కనరెక్కుతుంది. కనరెక్కిన తవుడు కోడి మేపుకు నచ్చదు, దాణాలో కలిపిన విటమిన్లను కూడా చెడగొడుతుంది. అందుకే సాల్వెంట్ మిల్లులవారు రైస్ మిల్లు నుంచి తవుడును ఆ రోజుకారోజు ఎత్తించడానికి తంటాలు పడతారు.

ఉప్పుడు బియ్యం తవుడుకు ఈ బెడద తక్కువ. వడ్లను ముందుగా నానబెట్టి ఆవిరి పట్టడంతో లైపేజ్ గింజలోనే చస్తుంది. పైగా అందులో నూనె కూడా ఎక్కువ, సాధారణంగా 20 శాతం దాటుతుంది. పచ్చి బియ్యం తవుడులో అంతకన్నా తక్కువ. కాబట్టి తెలంగాణ మిల్లులు యాసంగి వడ్లను బాయిల్డ్ పడుతున్నాయా, రా రైస్ పడుతున్నాయా అన్నది తవుడు వర్తకులకు కూడా సంబంధించిన విషయమే. 2021-22లో ఉప్పుడు బియ్యం కొనుగోలుపై రాష్ట్రానికి, కేంద్రానికి జరిగిన వివాదాన్ని పత్రికలు బియ్యం కోణంలోనే వ్రాశాయి. తవుడు నాణ్యత కూడా ఆ నిర్ణయంతో మారుతుందని అప్పుడు ఎక్కడా పెద్దగా చర్చకు రాలేదు.

నూనె తీసిన తవుడు సంగతి మరొకటి. నూనె పోగానే మిగిలిన సరకులో మాంసకృత్తుల శాతం 12-13 నుంచి 15-16కి పెరుగుతుంది. చీటీ చూసినవారికి సరకు మెరుగైనట్లు కనిపిస్తుంది. నూనెతో పాటు దాని బలం కూడా పోయింది గనుక, కోడికి అందే శక్తి సుమారు మూడో వంతు తగ్గిపోతుంది. ఆ లోటు మొక్కజొన్నతోనో నూనెతోనో పూడ్చాలి. నూనె తీసిన తవుడు చవక అని ఎక్కువ పాళ్ళు వేసి, గుడ్డు తగ్గిందని వాపోయిన చిన్న రైతులు లేకపోలేదు. మరోవైపు ఇది నిలవకు ఆగుతుంది, కనరెక్కదు. వర్తకానికి అనువైన సరకు అది. 2023 జూలైలో పశుదాణా ధరలు తగ్గించడానికి కేంద్రం దీని ఎగుమతిని నిషేధించినప్పుడు సాల్వెంట్ మిల్లులకు ఎంత గుబులు పుట్టిందో మార్కెట్టుకు గుర్తుండే ఉంటుంది.

ఊక కలిసిందా లేదా అన్నది కూడా మిల్లు యంత్రాన్ని బట్టే ఉంటుంది. పాత హల్లర్ మిల్లులో ఊక, తవుడు ఒకటిగా నలిగి వస్తాయి. రబ్బరు రోల్ షెల్లర్లలో ఊక ముందే వేరుపడుతుంది. తవుడు కొనేవారు మాంసకృత్తుల కన్నా ముందు పీచు, ఇసుక-సిలికా చూడటం సబబు.

వేడికి లొంగనిది

వేరుసెనగ చెక్క దగ్గర ప్రాసెసింగ్ చేతులెత్తేస్తుంది. గానుగ చెక్క, ఎక్స్‌పెల్లర్ చెక్క, సాల్వెంట్ చెక్క అని మూడు రకాలుగా ధర పలుకుతుంది. ఎక్స్‌పెల్లర్ చెక్కలో 6-8 శాతం నూనె మిగులుతుంది, సాల్వెంట్ చెక్కలో ఒక శాతం. బలంలో ఆ మేరకు తేడా. ఇంతవరకు మామూలే. అసలు ప్రమాదం బూజు నుంచి వచ్చే అఫ్లటాక్సిన్.

1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు అంతుపట్టని జబ్బుతో చచ్చిపోయాయి. దానికి పేరు తెలియక 'టర్కీ ఎక్స్ వ్యాధి' అన్నారు. బ్రెజిల్ నుంచి దిగుమతి అయిన వేరుసెనగ చెక్కే కారణమని పరిశోధనలో తేలింది. ఆ చెక్కపై పెరిగిన ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు విషానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. మిల్లులో వేసే వేడికి బూజు చస్తుంది గాని విషం చావదు. సాల్వెంట్‌తో నూనె తీసినా విషంలో అధిక భాగం చెక్కలోనే ఉండిపోతుంది. బూజు కనిపించడం లేదు, వాసన బాగున్నది అన్న మాటలకు అర్థం లేదు. చేలో కరవు తాకిడి తగిలినప్పుడు, కళ్ళంలో కాయ సరిగా ఎండనప్పుడు పుట్టే విషమిది. దాన్ని ఆపవలసిన చోటు కల్లమూ, గోదామే.

పత్తి గింజల చెక్కలో మరో తమాషా. గింజలోని గాసిపాల్ అనే పచ్చని రంగు పదార్థం కోళ్ళకు పడదు. అధికంగా మేపితే నిలవ ఉంచిన గుడ్డు సొన ఆకుపచ్చ రంగుకు తిరుగుతుంది. దూర రాష్ట్రాలకు గుడ్లు పంపేవారికి ఇది చావుదెబ్బ. మిల్లులో వేడి చేస్తే విడి గాసిపాల్ తగ్గుతుంది. కాని అది మాయమై పోదు, చెక్కలోని లైసిన్‌కే అతుక్కుంటుంది. విషం తగ్గినందుకు సంతోషించాలా, లైసిన్ పోయినందుకు విచారించాలా? ఇనుప లవణం, అనగా ఫెర్రస్ సల్ఫేట్ కలిపి గాసిపాల్‌ను కట్టివేసే పద్ధతి ఉన్నది. అయినా గుంటూరు, ఆదిలాబాదు పత్తి చెక్క చాలావరకు పాడి పశువులకే పోతున్నదంటే కారణం ఇది.

డిస్టిలరీల నుంచి వస్తున్న కొత్త సరకు

పెట్రోలులో ఇథనాల్ కలిపే పథకం ఊపందుకున్నాక మార్కెట్లోకి డీడీజీఎస్ వెల్లువలా వచ్చింది. మొక్కజొన్న లేదా నూకలలోని పిండి పదార్థం సారాగా మారిపోగా, మిగిలిన గుజ్జును ఆరబెట్టినదే ఈ సరకు. బియ్యం డీడీజీఎస్‌లో మాంసకృత్తులు 45 శాతం వరకు ఉండటంతో సోయా చెక్కకు నేరుగా పోటీ వచ్చింది. 2024, 2025 సంవత్సరాలలో సోయా మిల్లులవారు దీని వల్ల తమ చెక్కకు గిరాకీ పడిపోయిందని బహిరంగంగానే వాపోయారు.

ధర పోల్చేటప్పుడు రెండు సంగతులు మరువరాదు. మొదటిది, పిండి పదార్థం గింజలో దాదాపు మూడింట రెండు వంతులు. అది తీసివేయగా మిగిలినదంతా మూడింతలు చిక్కబడుతుంది. మాంసకృత్తులు మూడింతలైతే అఫ్లటాక్సిన్ కూడా మూడింతలే. సారా మరిగించడంలో విషం పోతుందనుకోవడం భ్రమ. కిలో మొక్కజొన్నలో 10 మైక్రోగ్రాములుంటే, దాని డీడీజీఎస్‌లో 30 వరకు తేలవచ్చు. ఇథనాల్ కోసం తడిసిన, పాడైన గింజ కూడా వెళుతుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం.

రెండోది ఆరబెట్టడం. గుజ్జు తడిగా, పిసరుపిసరుగా ఉంటుంది. డిస్టిలరీకి ముఖ్యం సారా. గుజ్జును త్వరగా వదిలించుకోవాలని డ్రయ్యరు వేడి పెంచితే సోయాలో చెప్పిన మయార్ చర్య ఇక్కడ మరింత జోరుగా సాగుతుంది. బంగారు రంగులో ఉన్న సరకుకు, కాఫీ పొడి రంగులో మాడు వాసన వేసే సరకుకు మాంసకృత్తుల శాతం ఒకటే ఉండవచ్చు. లైసిన్ ఒంటబట్టడంలో మాత్రం హస్తిమశకాంతరం. ఒకే ప్లాంటు నుంచి ఈ వారం వచ్చినది, వచ్చే వారం వచ్చేది కూడా ఒకటిగా ఉండటం లేదని దాణా మిల్లుల వారి ఫిర్యాదు. రంగు ఒక్కటే గీటురాయి కాదు గాని, మచ్చు చేతిలో పట్టుకున్న బ్రోకరుకు అంతకన్నా చవకైన హెచ్చరిక దొరకదు.

చేపల పొడి గురించి రెండు మాటలు. రేవులలో ఇసుకపై ఎండబెట్టిన చేపలో ఇసుక, ఉప్పు అధికం. ఫ్యాక్టరీలో వండి ఆరబెట్టిన పొడిలో ఆ బాధ లేదు గాని, నేరుగా మంటతో మితిమీరి వేడి చేస్తే గిజ్జెరోసిన్ అనే పదార్థం పుడుతుంది. 1983లో జపాను శాస్త్రజ్ఞులు దాన్ని వేరుచేశారు. దాని వల్ల కోడిపిల్లల కందనకాయ లోపలి పొర ఒరుసుకుపోయి, నల్లని వాంతులతో చస్తాయి.

చివరి వేడి దాణా మిల్లులోనే పడుతుంది. బ్రాయిలర్ దాణాను గుళికలుగా నొక్కేముందు 80 డిగ్రీలకు పైగా ఆవిరి పడతారు. దాని వల్ల సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు చస్తాయి, వృథా తగ్గుతుంది. అదే వేడికి కొన్ని విటమిన్లు, తవుడులోని భాస్వరాన్ని విడిపించడానికి కలిపే ఫైటేజ్ ఎంజైము దెబ్బతింటాయి. అందుకే పైపూత వేసిన ఫైటేజ్‌కు ఎక్కువ ధర పలుకుతున్నది. లేయరు ఫారాలలో పిండి దాణాయే మేపుతారు గనుక వారికి ఈ గొడవ లేదు.

మచ్చు తీసే తీరు

పరీక్ష ఎంత మంచిదైనా మచ్చు సరిగా తీయకపోతే దండగ. లారీ అంచున ఉన్న నాలుగు సంచుల నుంచి పిడికెడు తీసి, అదే లారీ మొత్తం అనడం మన మార్కెట్లలో పాత అలవాటు. టోస్టరులో ఉదయం వండినది, సాయంత్రం వండినది ఒకే లారీలో ఎక్కవచ్చు. బొక్కుతో పైన, నడుమ, అడుగున ఉన్న సంచుల నుంచి తీసి, కలిపి, మూడు భాగాలు చేసి సీలు వేసి, ఒకటి అమ్మినవారికి, ఒకటి కొన్నవారికి ఇచ్చి, మూడోది బ్రోకరు వద్ద ఉంచుకుంటే తగాదా వచ్చినప్పుడు మూడో లాబొరేటరీకి పంపడానికి ఆధారం ఉంటుంది. ఒప్పందం చీటీలో మాంసకృత్తుల శాతం పక్కన యూరియేజ్ ఇంతకు మించరాదు, కె.ఓ.హెచ్. ఇంత నుంచి ఇంతలోపు, తేడా వస్తే క్వింటాలుకు తగ్గింపు ఇంత అని మూడు పంక్తులు అదనంగా వ్రాసుకోవడానికి ఎవరికీ ఖర్చు లేదు. పెద్ద బ్రాయిలర్ కంపెనీలు ఈ షరతులు లేనిదే ఆర్డరు ఇవ్వడం లేదు. చిన్న మిల్లుల బేరాలే ఇంకా ఫోను మాటపై, ఒక్క అంకెపై సాగుతున్నాయి.

గేటు వద్ద నిలిచిన లారీ సంగతి. మూడో రోజున ఆ సరకు ధర తగ్గించుకుని ఒక పశుదాణా మిల్లుకు మళ్ళింది. గేదె పొట్టలోని సూక్ష్మజీవులు పచ్చి సోయాలోని నిరోధకాన్ని చాలావరకు తట్టుకుంటాయి. కాస్త మాడిన చెక్క అయితే పాడి పశువుకు ఒక విధంగా మేలు కూడా, మాంసకృత్తులు మొదటి పొట్టలో కరగకుండా పేగులకు చేరతాయి. బైపాస్ ప్రోటీన్ పేరుతో చెక్కను కావాలనే వేడి చేసి అమ్మేవారు ఉన్నది ఇందుకే. కోళ్ళకు పనికిరాని సరకుకు పశుదాణా బజారు ఉన్నదని బ్రోకరు ఊపిరి పీల్చుకున్నారు. అయితే ఆ మిల్లువారు పశుదాణాలో యూరియా కలుపుతారా అని ముందుగా అడిగి తెలుసుకున్న తరువాతనే సరకు దించమన్నారు. పచ్చి సోయాలోని యూరియేజ్, దాణాలోని యూరియా కలిసి తేమ తగిలితే అమ్మోనియా పుట్టి పశువు ప్రాణం మీదికి వస్తుంది. ఆ మిల్లులో యూరియా వాడరని తేలింది. నిలుపుదల చార్జీలు ముగ్గురూ సమంగా పంచుకున్నారు.